పెంపుడు కుక్కకు ఉన్నట్టుండి కోపం ఎందుకు వస్తుంది?

"మా కుక్క ఎవరినీ కరవదండీ. ఈరోజు ఏమైందో ఏమో!" కుక్కకాటుతో ఆసుపత్రికి వచ్చే కుటుంబాలు తరచుగా చెప్పే మాట ఇది. వీధికుక్క కరిస్తే అదేరోజు పరుగెత్తుకొచ్చేవారు కూడా ఇంట్లో పెరిగిన కుక్క కరిస్తే రెండు మూడు రోజులు ఆలోచిస్తారు. కొందరు అసలే రారు. "మన చేతి అన్నం తిన్న కుక్కే కదా, దానికి పిచ్చి ఎందుకుంటుంది?" అన్న ధీమా వారిది. ఆ ధీమాలోనే ప్రమాదం దాగి ఉంది.

మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో కుక్క లేని ఊరు లేదు. పల్లి చేను దగ్గర, విత్తన పత్తి చేను దగ్గర కాపలాకు కుక్క ఉంటుంది. గొర్రెల మంద వెంట కుక్క ఉంటుంది. నల్లమలలోని చెంచు పెంటలలో కుక్క కుటుంబంలో ఒకరిలా తిరుగుతుంది. పట్టణంలో ఇంటి గేటు వెనుక గొలుసుతో కట్టిన కుక్క ఉంటుంది. ఇన్ని ఇళ్ళలో నమ్మకంగా మెలిగే జంతువు ఉన్నట్టుండి ఇంటివారి మీదికే ఎందుకు తిరగబడుతుంది? అలా జరిగినప్పుడు ఏం చేయాలి? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ప్రతి కుటుంబానికీ తెలిసి ఉండాలి.

కోపం ఉన్నట్టుండి రాదు

జంతువుకు కారణం లేకుండా కోపం రాదు. మనకు అది "ఉన్నట్టుండి" అనిపిస్తుంది. ఎందుకంటే అంతకుముందు అది ఇచ్చిన హెచ్చరికలను మనం గమనించం. చాలా కుక్కలు కరవడానికి ముందు కొన్ని గుర్తులు చూపుతాయి. మొదట తల పక్కకు తిప్పుకుంటుంది. ఆకలి లేకపోయినా మూతి నాక్కుంటుంది, నిద్ర లేకపోయినా ఆవులిస్తుంది. చెవులు వెనక్కి వాల్చి, తోకను కాళ్ళ మధ్య దాచుకుంటుంది. తర్వాత ఒళ్ళు కట్టెలా బిగదీసుకుంటుంది. కంటి చివర తెల్లగుడ్డు కనబడుతుంది. వెన్ను మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. ఆ తర్వాత గుర్రుమని పళ్ళు చూపిస్తుంది. చివరికి కరుస్తుంది.

కుక్క గుర్రుమంటే చాలామంది కర్రతో కొడతారు. ఇది మంచిది కాదు. గుర్రుమనడం అంటే "దగ్గరకు రావద్దు" అని చెప్పడం. దెబ్బలు తిన్న కుక్క ఆ చెప్పడం మానేస్తుంది గాని కరవడం మానదు. ఇక మీదట హెచ్చరిక లేకుండానే కరుస్తుంది. గుర్రుమన్న కుక్క నుండి మెల్లగా వెనక్కి జరిగి, దానికి ఎందుకు కష్టంగా ఉందో ఆలోచించాలి.

"మొరిగే కుక్క కరవదు" అనే సామెతను కూడా నమ్ముకోకండి. మొరిగే కుక్కా కరుస్తుంది, మొరగని కుక్కా కరుస్తుంది.

ఏయే కారణాల వల్ల కోపం వస్తుంది?

నొప్పి: సాధువుగా ఉండే కుక్క మనిషి చెయ్యి వేయగానే కరిచిందంటే ముందుగా నొప్పిని అనుమానించాలి. చెవిలో చీము, కాలిలో ముల్లు, పుచ్చిన పన్ను, కీళ్ళ నొప్పి, పురుగు పట్టిన పుండు, ఒళ్ళంతా పిడుదులు – ఇవన్నీ కుక్కను చిరాకుపెడతాయి. అది తన బాధను నోటితో చెప్పలేదు. నొప్పి ఉన్నచోట పిల్లవాడు ముద్దుగా తట్టినా దానికి దెబ్బ తగిలినట్టే ఉంటుంది.

భయం: దీపావళి టపాకాయలు, పెళ్ళి ఊరేగింపుల బ్యాండు మేళం, డీజే మోతలకు కుక్కలు బెదిరిపోతాయి. మనకంటే వాటి వినికిడి చాలా చురుకైనది. పారిపోవడానికి దారి ఉన్న కుక్క పారిపోతుంది. మూలకు నెట్టబడిన కుక్క, గొలుసుతో కట్టిన కుక్క మాత్రం ఎదురు తిరుగుతుంది. ఎప్పుడూ కట్టేసే ఉంచిన కుక్కకు కోపం ఎక్కువ కావడానికి ఇదొక కారణం.

పిల్లల మీద మమకారం: ఈనిన కుక్క తన కూనల దగ్గరకు ఎవరినీ రానివ్వదు. అన్నం పెట్టే ఇల్లాలిని రానిచ్చినా ఆమె వెంట వచ్చిన పొరుగింటి పిల్లవాణ్ణి రానివ్వదు. కూనలను ఎత్తుకోవాలన్న ముచ్చటతోనే ఎంతోమంది పిల్లలు కాటుకు గురవుతారు.

ఎద కాలం: "చిత్తకార్తె కుక్కలు" అనే మాట మన పెద్దలు ఊరికే అనలేదు. చిత్త కార్తె అక్టోబరు నెలలో వస్తుంది. వానాకాలం ముగిసే ఆ రోజుల్లో వీధికుక్కలు గుంపులుగా తిరిగి కొట్లాడుకుంటాయి. ఇంటి మగకుక్క కూడా తాడు తెంపుకొని పోయి, గాయాలతో, చిరాకుతో తిరిగివస్తుంది. ఆ గాయాలు ఏ కుక్క కరిచినవో మనకు తెలియదు. అందుకే ఆ రోజుల్లో రెట్టింపు జాగ్రత్త అవసరం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఈ తిరుగుడు, కొట్లాట చాలావరకు తగ్గుతాయి.

తిండి, నిద్ర: తినే కుక్క ముందు నుండి గిన్నె తీయడం, నిద్రపోతున్న కుక్కను తొక్కడం, దాని నోటిలోని ఎముకను లాగడం వల్ల జరిగే కాట్లు చాలా ఉంటాయి. ముసలి కుక్కకు చూపు, వినికిడి తగ్గుతాయి. వెనుక నుండి తాకితే ఉలిక్కిపడి కరుస్తుంది.

ఎండ: మన ప్రాంతంలో వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నీడ, నీళ్ళు లేని చోట కట్టేసిన కుక్కకు ఓపిక నశిస్తుంది. అమెరికాలోని 8 నగరాల కుక్కకాటు వివరాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2023లో వెలువడింది. ఎండ, వేడి ఎక్కువగా ఉన్న రోజుల్లో కాట్లు కూడా పెరుగుతున్నాయని అందులో తేలింది. మన ఊళ్ళలో గుమ్మం ముందు ఒక తొట్టిలో నీళ్ళు పెట్టడం మంచి అలవాటు.

ఈ కారణాలన్నీ సరిచేయగలిగినవే. పశువైద్యునికి చూపించి, కొంత ఓపిక పడితే కుక్క మళ్ళీ మామూలుగా అవుతుంది. కాని ఒక కారణం అలాంటిది కాదు.

అన్నిటికంటే భయంకరమైన కారణం – రేబీస్

రేబీస్‌ను మనవాళ్ళు పిచ్చికుక్క వ్యాధి అంటారు. ఇది వైరస్ వల్ల వస్తుంది. జబ్బు చేసిన జంతువు లాలాజలంలో ఈ వైరస్ ఉంటుంది. కాటు ద్వారా గాని, గీరిన గాయం ద్వారా గాని మనిషిలోకి చేరి, నరాల వెంట మెల్లగా మెదడుకు పాకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది దీనితో చనిపోతున్నారు. మనుషులకు సోకే రేబీస్‌లో నూటికి 99 పాళ్ళు కుక్కల వల్లనే. అనుమానిత జంతువులు కరిచినవారిలో నూటికి 40 మంది 15 ఏళ్ళలోపు పిల్లలే.

కుక్కలో రేబీస్ మొదటి గుర్తు పిచ్చిగా పరుగెత్తడం కాదు. దాని స్వభావం మారడమే మొదటి గుర్తు. ఎప్పుడూ మన చుట్టూ తిరిగే కుక్క చీకటి మూలలో దాక్కుంటుంది. ఎవరి దగ్గరకూ రాని కుక్క అతి ప్రేమగా వచ్చి చేతులు నాకుతుంది. ఆ తర్వాత చిన్న చప్పుడుకు కూడా తిరగబడుతుంది. కర్ర, రాయి, మట్టి, గుడ్డ ఏది దొరికితే అది కొరుకుతుంది. గొంతు మారి మొరుగుడు బొంగురుపోతుంది. నోట చొంగ కారుతుంది. నడక తూలుతుంది. చివరికి కాళ్ళు పడిపోయి చనిపోతుంది. గుర్తులు మొదలైన పది రోజుల లోపునే సాధారణంగా ఇదంతా జరిగిపోతుంది.

రెండవ రకం మూగ రేబీస్. దీనిలో కోపం ఉండదు. కుక్క మందకొడిగా పడుకొని ఉంటుంది. కింది దవడ వేలాడుతుంది. ఏమీ మింగలేదు. ఇది చూసి ఇంటివారు "గొంతులో ఎముక ఇరుక్కుంది" అనుకొని నోట్లో చెయ్యి పెట్టి వెతుకుతారు. ఇంతకంటే ప్రమాదం లేదు. మింగలేక చొంగ కార్చే జంతువు నోట్లో ఎప్పుడూ చెయ్యి పెట్టకండి.

ఆవులకు, గేదెలకు, గొర్రెలకు, మేకలకు కూడా కుక్కకాటు వల్ల రేబీస్ వస్తుంది. సాధువైన ఆవు ఉన్నట్టుండి కుమ్మడానికి వస్తుంది. ఆగకుండా రంకెలు వేస్తుంది. మేత మింగలేక చొంగ కారుస్తుంది. "ఏదో అడ్డం పడింది" అని నోట్లో చెయ్యి పెట్టిన రైతులకు, మందు పోసినవారికి కూడా టీకా అవసరమవుతుంది. ఇలాంటి పశువును విడిగా కట్టేసి మండల పశువైద్యశాలకు కబురు చేయాలి.

కరిచిన వెంటనే ఏం చేయాలి?

ఇక్కడ ఒక మాట బాగా గుర్తుపెట్టుకోవాలి. కుక్క ఎందుకు కరిచిందో తెలుసుకోవడం దాని మేలు కోసం. టీకా వేయించుకోవడం మన ప్రాణం కోసం. మొదటిది తేలేవరకు రెండవది ఆపకూడదు. "కూనల జోలికి పోతే కరిచింది, దానికి పిచ్చి లేదు" అని మీరు అనుకోవచ్చు. నిజమే కావచ్చు. కాని ఆ సంగతి తేలడానికి పది రోజులు పడుతుంది. టీకా మాత్రం ఈరోజే మొదలు కావాలి.

మొదటి పని గాయాన్ని కడగడం. బోరింగు దగ్గర గాని, నల్లా కింద గాని గాయాన్ని ఉంచి, ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. బట్టల సబ్బయినా ఫరవాలేదు. గడియారం చూసి కడగండి. రెండు నిమిషాలకే 15 నిమిషాలు అయినట్టు అనిపిస్తుంది. చర్మం మీద ఉన్న వైరస్‌ను సబ్బు చాలావరకు చంపుతుంది. ఈ వైద్యం మీ ఇంట్లోనే ఉంది, దీనికి ఖర్చు లేదు. తర్వాత అయోడిన్ మందు ఉంటే రాయండి.

గాయం మీద కారం, సున్నం, పసుపు, కాఫీ పొడి, ఆకు పసరు, కిరోసిన్ వంటివేవీ పెట్టకూడదు. అవి గాయాన్ని మండించి, వైరస్ లోపలికి పోవడానికి దారి చేస్తాయి. గట్టిగా కట్టు కట్టకూడదు. వీలైనంతవరకు కుట్లు వేయించకూడదు. మంత్రం వేయించామని, తాయెత్తు కట్టించామని, పసరు తాగించామని ఊరుకోకూడదు. మంత్రం వేయించుకొని బతికినవాళ్ళు ఉన్నారని మీరు వినే ఉంటారు. కరిచిన ప్రతి కుక్కకూ రేబీస్ ఉండదు. వారిని కరిచిన కుక్కకు జబ్బు లేదు, అందుకే వారు బతికారు. జబ్బున్న కుక్క కరిస్తే మంత్రం ఆపలేదు.

"కుక్క కాటుకు చెప్పు దెబ్బ" అన్నది సామెతగా బాగుంటుంది. వైద్యంగా పనికిరాదు. కుక్క వెంట పరుగెత్తే సమయంలో గాయం కడుక్కోవాలి.

ఆసుపత్రిలో ఏం చేస్తారు?

డాక్టరు గారు గాయాన్ని చూసి మూడు తరగతులలో ఏదో నిర్ణయిస్తారు.

మొదటి తరగతి: కుక్కను తాకడం, మేత పెట్టడం, గాయం లేని చర్మాన్ని అది నాకడం. దీనికి టీకా అవసరం లేదు. సబ్బుతో కడుక్కుంటే చాలు.

రెండవ తరగతి: రక్తం రాని చిన్న గీరుడు, పన్ను నొక్కు. దీనికి టీకా వేయాలి.

మూడవ తరగతి: రక్తం వచ్చిన కాటు లేదా గీరుడు, పుండు మీద నాకడం, కంట్లోగాని నోట్లోగాని చొంగ పడటం. అడవి జంతువు కరిచినా ఈ తరగతే. దీనికి టీకాతో పాటు రేబీస్ ఇమ్యూనోగ్లోబ్యులిన్ అనే మందును గాయం లోపల, గాయం చుట్టూ ఇంజెక్షన్‌గా ఇవ్వాలి.

ఈ రెండవ మందు ఎందుకని చాలామంది అడుగుతారు. టీకా వేశాక మన శరీరం స్వంత రక్షణ తయారుచేసుకోవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ వారాల్లో వైరస్‌ను గాయం దగ్గరే అడ్డుకొనేది ఇమ్యూనోగ్లోబ్యులిన్. దాన్ని మొదటి రోజే తీసుకోవడం మంచిది. కుదరకపోతే మొదటి టీకా వేసిన ఏడు రోజుల లోపల తీసుకోవాలి. ముఖం మీద, తల మీద, చేతి వేళ్ళ మీద కాటు పడితే ఒక్క గంట కూడా ఆలస్యం చేయవద్దు. ఆ చోట్ల నరాలు ఎక్కువ. పైగా ముఖం, తల మెదడుకు దగ్గర. పిల్లలు పొట్టిగా ఉంటారు కనుక వారికి కాట్లు ఎక్కువగా ముఖానికీ, తలకూ పడతాయి.

టీకాను ప్రభుత్వ ఆసుపత్రులలో సాధారణంగా చర్మంలో వేస్తారు. మొదటి రోజును సున్నాగా లెక్కపెట్టి 0, 3, 7, 28 రోజుల్లో, ప్రతిసారి రెండు చోట్ల ఇస్తారు. కండలో వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో అయిదు ఇంజెక్షన్లు ఉంటాయి. తేదీలు కాగితం మీద రాయించుకొని, ఆ కాగితం పోకుండా దాచుకోండి. రెండు సూదులు వేయించుకొని, గాయం మానిందని మూడవది మానేయడం చాలా పెద్ద పొరపాటు. టీకాతో పాటు ధనుర్వాతం ఇంజెక్షన్ కూడా అవసరమా అని అడగండి.

బొడ్డు చుట్టూ 14 సూదులంటే పెద్దవారికి ఇప్పటికీ వణుకే. అది గొర్రె మెదడుతో తయారుచేసిన పాత టీకా. మన దేశంలో 2004లోనే దానిని ఆపేశారు. ఇప్పటి టీకాను జబ్బకు వేస్తారు. చిన్న పిల్లలకు తొడకు వేస్తారు. నొప్పి చాలా తక్కువ. పిరుదుకు మాత్రం వేయించుకోకూడదు.

1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ అనే శాస్త్రవేత్త, పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే 9 ఏళ్ళ పిల్లవాడికి మొదటిసారిగా తన టీకా వేయించాడు. ఆ పిల్లవాడు బతికాడు. అంతవరకు ఈ వ్యాధికి మనిషి దగ్గర ఏ ఆయుధమూ లేదు. ఈనాటికీ ఒకసారి జబ్బు గుర్తులు మొదలయ్యాక, నీళ్ళు చూస్తే గొంతు పట్టేయడం, గాలి తగిలితే వణకడం కనబడ్డాక, దాదాపు ఎవరూ బతకరు. కాటుకూ గుర్తులకూ మధ్య సాధారణంగా ఒకటి నుండి మూడు నెలల వ్యవధి ఉంటుంది. ఒక్కోసారి వారం, ఒక్కోసారి ఏడాది కూడా పడుతుంది. మనల్ని మనం కాపాడుకోగలిగేది ఆ వ్యవధిలోనే.

పది రోజుల కాపలా

కరిచిన కుక్కను చంపవద్దు. దాన్ని కట్టేసి, తిండి నీళ్ళు పెడుతూ పది రోజులు గమనించండి. కాటు నాటికి దాని చొంగలో వైరస్ ఉంటే, పది రోజుల్లో అది తప్పక జబ్బుపడుతుంది లేదా చనిపోతుంది. పదవ రోజుకు కూడా ఆరోగ్యంగా ఉంటే ఆ కాటు వల్ల రేబీస్ భయం లేదు. అప్పుడు మిగిలిన టీకాల సంగతి డాక్టరు గారు చెబుతారు. మీరే నిర్ణయించుకొని ఆపవద్దు. ఈ పది రోజుల లెక్క కుక్కకు, పిల్లికి మాత్రమే వర్తిస్తుంది.

కోపంలో కుక్కను చంపినవారు తమకు ఉన్న సాక్ష్యాన్ని తామే పోగొట్టుకుంటారు. ఊరి కుక్కలన్నిటినీ చంపినా రేబీస్ పోదు. 2024 ఫిబ్రవరిలో మన పొరుగునే ఉన్న మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకుల మండలం పొన్నకల్‌లో రాత్రివేళ సుమారు 20 వీధికుక్కలను తుపాకులతో కాల్చి చంపిన వార్త దేశమంతా పాకింది. తర్వాత నిందితులు అరెస్టయ్యారు. ఇలా ఖాళీ అయిన వీధిలోకి కొద్ది రోజుల్లో టీకా లేని కొత్త కుక్కలు వస్తాయి. ఊరి కుక్కల్లో నూటికి 70కి టీకా పడితే వ్యాధి గొలుసు తెగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

మీ కుక్కకు మూడు నెలల వయసులో మొదటి టీకా వేయించండి. తర్వాత పశువైద్యుడు చెప్పిన తేదీన రెండవది, ఆపైన ఏటా ఒకటి వేయించండి. జూలై 6న జరిగే జూనోసిస్ దినం సందర్భంగా, సెప్టెంబరు 28న జరిగే ప్రపంచ రేబీస్ దినం సందర్భంగా పశువైద్యశాలలలో ఉచిత టీకా శిబిరాలు పెడుతుంటారు. చేను దగ్గర ఉండే కుక్కను, మంద వెంట తిరిగే కుక్కను కూడా తీసుకువెళ్ళండి. నక్కలు, ఊరూరి కుక్కలు ఎదురుపడేది వాటికే.

కోతి, ఇగ్వానా, ఉడుము

శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక కోతులకు అరటిపండ్లు అందించడం చాలామందికి సరదా. చేతిలో తిండి అయిపోగానే ఆ కోతే కోపంతో మీద పడుతుంది. దీనికి కారణం మనమే నేర్పిన అలవాటు. కోతి కరిచినా, గీరినా కుక్కకాటుకు చేసిన వైద్యమే చేయాలి. నల్లమలలో ఎలుగుబంటి, నక్క, అడవి పిల్లి కరిచినా అంతే.

నగరాల్లో ఇప్పుడు కొందరు ఇగ్వానా అనే పెద్ద బల్లిని పెంచుతున్నారు. అది మధ్య, దక్షిణ అమెరికా దేశాలది. ఆకులు తింటూ ఏళ్ళ తరబడి సాధువుగా ఉన్న మగ ఇగ్వానా, వయసుకు వచ్చాక ఎద కాలంలో యజమాని మీదికే వస్తుంది. తల పైకీ కిందికీ ఆడించడం, గొంతు కింది చర్మాన్ని విప్పడం, తోకతో కొట్టడం దాని హెచ్చరికలు. ఆ కాలం ముగియగానే చాలావరకు నెమ్మదిస్తుంది. అంటే కుక్కకు చెప్పిన సూత్రమే బల్లికీ వర్తిస్తుంది. కోపానికి ముందు గుర్తు ఉంటుంది, గుర్తు వెనుక కారణం ఉంటుంది.

ఇగ్వానా కాటుకు రేబీస్ టీకా అక్కరలేదు. పాలిచ్చి పెంచే జాతి జంతువులకే రేబీస్ వస్తుంది. బల్లి, పాము, కోడి, చిలుకకు రాదు. అయినా గాయం కడిగి, ధనుర్వాతం ఇంజెక్షన్ గురించి అడగాలి. ఈ జాతుల ఒంటి మీద సాల్మొనెల్లా అనే క్రిమి ఉంటుంది. విరేచనాలు, జ్వరం తెస్తుంది. తాకిన తర్వాత చేతులు సబ్బుతో కడగాలి. అయిదేళ్ళలోపు పిల్లలను వాటి దగ్గరకు పోనివ్వకూడదు. మన చేలల్లో తిరిగే ఉడుమును మాత్రం పట్టడం, పెంచడం, చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

పిల్లలకు ఇవి నేర్పండి

తింటున్న, నిద్రపోతున్న, కూనలున్న కుక్క జోలికి పోకూడదు. కుక్క వెంటబడితే పరుగెత్తకూడదు. చేతులు ఒంటికి ఆనించి, దాని కళ్ళలోకి చూడకుండా చెట్టులా నిలబడాలి. కింద పడితే ముడుచుకొని, చేతులతో మెడను, చెవులను కప్పుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది, కరిచినా గీరినా ఇంట్లో చెప్పాలి. "అమ్మ కొడుతుంది, నాన్న తిడతాడు" అన్న భయంతో పిల్లలు కాటును దాచిపెడతారు. గాయం చిన్నదైతే మనకు కనబడనే కనబడదు. ఆ మౌనం ప్రాణం తీస్తుంది. అందుచేత పిల్లలతో ముందే చెప్పండి: "కుక్క కరిస్తే నిన్ను ఎవరూ ఏమీ అనరు. పరుగెత్తుకొచ్చి చెప్పు." ఆ మాట మీద నిలబడండి.

ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: రెండు నెలల కుక్కపిల్ల పంటితో గీరింది. రక్తం కొంచెమే వచ్చింది. టీకా కావాలా?
జవాబు: కావాలి. కుక్కపిల్లకు కూడా రేబీస్ రావచ్చు. రక్తం వచ్చింది గనుక ఇది మూడవ తరగతి.

ప్రశ్న: మా కుక్కకు ఏటా టీకా వేయిస్తున్నాము. అది కరిస్తే?
జవాబు: ప్రమాదం చాలా తక్కువ. అయినా గాయం కడిగి, టీకా కార్డుతో డాక్టరు గారిని కలవండి. కుక్కను పది రోజులు గమనించండి.

ప్రశ్న: కరిచి నెల దాటింది. ఇప్పుడు వేయించుకొని లాభముందా?
జవాబు: ఉంది. ఈరోజే మొదలుపెట్టండి.

ప్రశ్న: గర్భిణులు, పాలిచ్చే తల్లులు వేయించుకోవచ్చా? పథ్యం ఉండాలా?
జవాబు: నిర్భయంగా వేయించుకోవచ్చు. మాంసం, గుడ్లు మానవలసిన అవసరం లేదు.

ప్రశ్న: పిచ్చికుక్క కరిచిన గేదె పాలు తాగాము. భయమా?
జవాబు: కాచిన పాలతో భయం లేదు. కాచని పాలు తాగి ఉంటే డాక్టరు గారితో చెప్పండి. జబ్బు గుర్తులున్న పశువు పాలు ఇకపై వాడకండి.

ప్రశ్న: అయిదేళ్ళ క్రితం పూర్తి టీకాలు వేయించుకున్నాను. మళ్ళీ కుక్క కరిచింది.
జవాబు: పాత కాగితం తీసుకొని రండి. 0, 3 రోజుల్లో రెండు టీకాలు చాలు. ఇమ్యూనోగ్లోబ్యులిన్ అక్కరలేదు.

గుర్తుంచుకోండి

1. స్వభావం మారిన జంతువుకు దూరంగా ఉండి, పశువైద్యునికి చూపించండి.
2. కాటును సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగండి.
3. అదేరోజు ఆసుపత్రికి రండి. ఇంటి కుక్కయినా, కుక్కపిల్లయినా ఇదే నియమం.
4. కుక్కను చంపకుండా పది రోజులు గమనించండి.
5. టీకాలు చివరి తేదీ వరకు పూర్తి చేయండి.
6. మీ కుక్కకు ఏటా టీకా వేయించండి.

ఈ పేజీని చదివాక ఇంట్లో పిల్లలకు, చేను దగ్గర పనిచేసేవారికి, చదువురాని పొరుగువారికి చదివి వినిపించండి. గోడకు అంటించుకుంటే ఇంకా మంచిది.